ముందు వంద, ఆ తరవాతే స్మాషు

పిల్లలూ!

మీ బడిలో టేబుల్ టెన్నిస్ బల్ల ఉన్నదా? ఉంటే మీరు అదృష్టవంతులు. లేకపోయినా విచారించకండి. బల్ల లేకుండానే ఈ ఆట సగం ఎట్లా నేర్చుకోవచ్చునో కూడా చెబుతాను.

నేను ముప్పైమూడేళ్ళు బడిలో పనిచేశాను. మొదట లెక్కల మాస్టారిని, చివర ప్రధానోపాధ్యాయుణ్ణి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాలుగైదు ఊళ్ళ నీళ్ళు తాగాను. టేబుల్ టెన్నిస్‌లో నేనేమీ గొప్ప ఆటగాణ్ణి కాను. కాని పిల్లలచేత ఆడించాను. ఆడించడంలో ఒక పెద్ద తప్పు కూడా చేశాను. ముందు ఆ తప్పు సంగతే చెబుతాను. ఎందుకంటే, మీలో చాలామంది ఇప్పుడు ఆ తప్పే చేస్తూ ఉంటారు.

పుస్తకంలో గీతలు

ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు నేను ఆమదాలవలసకు దగ్గరలో ఒక ఊరి బడిలో ఉండేవాణ్ణి. మా బడికి ఒక బల్ల ఉండేది. దానిని ఊరి వడ్రంగే చేశాడు. తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడొకడు ఆ బల్లకు రాజు. వాడు బంతిని కొడితే చప్పుడు ఆఫీసు గదిదాకా వినిపించేది. ఆ చప్పుడు వినడానికి పిల్లలు మూగేవారు. నేను కూడా, "భేష్! ఇంకా గట్టిగా కొట్టు!" అనేవాణ్ణి. వాడు కొట్టిన పది బంతుల్లో నాలుగు బల్లమీద పడేవి. ఆ నాలుగే మేమందరమూ చూశాం. మిగిలిన ఆరూ ఎక్కడికి పోతున్నాయో ఎవరమూ చూడలేదు.

విజయనగరంలో పిల్లల పోటీ జరుగుతుందని తెలిసి వాణ్ణి తీసుకువెళ్ళాను. మొదటి ఆటలో వాడికి ఎదురుపడినవాడు బక్కపలచని కుర్రవాడు. గట్టిగా కొట్టనే కొట్టడు. వచ్చిన బంతిని వచ్చినట్టు తిరిగి పంపుతాడు, అంతే. మావాడు వాణ్ణి చూసి నవ్వాడు. అరగంట కూడా కాకుండానే మావాడు 11–6, 11–8, 11–5తో ఓడిపోయాడు.

అవతలి బడి వ్యాయామ ఉపాధ్యాయుడు పెద్దవాడు. ఆయన ఆట సాగినంతసేపూ ఒక నోటుపుస్తకంలో గీతలు గీస్తూ కూచున్నాడు. ఆట అయినాక నా దగ్గిరికి వచ్చి, "మాస్టారూ, మీ కుర్రాణ్ణి మావాడు ఓడించలేదండి. ఇది చూడండి," అంటూ పుస్తకం చూపించాడు.

మావాడు పోగొట్టుకున్నవి మొత్తం 33 పాయింట్లు. అందులో 14 సార్లు బంతి నెట్టుకు తగిలింది. 7 సార్లు బల్ల దాటి అవతల పడింది. 3 సార్లు సర్వీసే తప్పింది. అంటే 24 పాయింట్లు మావాడు స్వయంగా దానం చేసినవే! అవతలివాడు తన ఆటతో సంపాదించుకున్నవి తొమ్మిదంటే తొమ్మిదే.

నేను లెక్కల మాస్టారిని. అయినా ఆ లెక్క ఏనాడూ వేయలేదు.

తిరుగు రైలులో కుర్రవాడు కిటికీ దగ్గర కూచుని పొందూరు వచ్చేదాకా మాట్లాడలేదు. తరవాత మెల్లిగా, "మాస్టారూ, నేను ఇంకా గట్టిగా కొట్టవలసింది, కదండీ?" అని అడిగాడు.

వాడు అట్లా అడగడంలో వింత ఏమున్నది? నేను నేర్పినది అదే మరి! నాకు జవాబు తోచలేదు. ఆ తరవాత వాడు బల్ల దగ్గిరికి రావడం తగ్గించాడు, కొన్నాళ్ళకు మానేశాడు. నేనూ పిలిచి కూచోబెట్టి చెప్పలేదు. అది నా రెండో తప్పు.

అప్పటినుంచి మా బడిలో ఒక కట్టుబాటు పెట్టాను. ఇద్దరు పిల్లలు కలిసి, మధ్యలో తెగకుండా, బంతిని 100 సార్లు అటూ ఇటూ పంపేదాకా స్మాషు కొట్టకూడదు. దీనికి పిల్లలు "వంద" అని పేరు పెట్టుకున్నారు. ఆ వందకు చేరే దారి ఇప్పుడు మీకు చెబుతాను.

పట్టుకోవడం, నిలబడటం

బ్యాటును ఎవరికైనా చెయ్యి కలుపుతున్నట్టుగా పట్టుకోండి. చూపుడువేలు రబ్బరు కింది అంచు వెంబడి ఒకపక్క, బొటనవేలు రెండోపక్క ఉండాలి. మిగిలిన మూడు వేళ్ళూ పిడిని చుట్టుకుంటాయి. ఎంత గట్టిగా పట్టుకోవాలి? మీ అమ్మ అట్లు పోసేటప్పుడు అట్లకాడను ఎట్లా పట్టుకుంటుందో చూడండి. పిడికిలి బిగించిందా, అట్టు చిరుగుతుంది. వదులు చేసిందా, అట్లకాడ జారుతుంది. అంత పట్టు చాలు. వేళ్ళ కణుపులు తెల్లబడుతున్నాయంటే మీరు బ్యాటును పిసుకుతున్నారన్నమాట.

ఇక నిలబడటం. చెడుగుడు ఆటలో కూతకు వచ్చినవాడికోసం కాచుకునేవాణ్ణి చూశారు గదా? వాడు నిటారుగా నిలబడడు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, బరువంతా పాదాల ముందుభాగంమీద ఉంచుతాడు. బల్ల దగ్గర కూడా సరిగ్గా అట్లాగే నిలబడాలి. బ్యాటు బల్ల ఎత్తుకు పైన, శరీరానికి ముందు ఉండాలి. మడమలు నేలకు అంటుకుపోయినవాడికి పక్కకు వచ్చిన బంతి ఎప్పుడూ అందదు.

ఎందుకింత సిద్ధంగా ఉండాలంటారా? ఒక లెక్క వేయండి. బల్ల పొడవు 2.74 మీటర్లు. బంతి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకోండి. అంటే సెకండుకు 10 మీటర్లు. అది బల్ల ఒక చివరనుంచి రెండో చివరకు రావడానికి పట్టే కాలం సుమారు 0.27 సెకండు. కంటితో చూసినదానికి చెయ్యి కదలడానికే మనిషికి దాదాపు 0.2 సెకండు కావాలి. ఇక ఆలోచించడానికి మిగిలేది ఏమున్నది? "ఇది ఎడమకు వస్తున్నది గనక నేను ఇట్లా తిరగాలి" అని అనుకునేలోపల బంతి మీ వెనక గోడను కొడుతుంది. ఆలోచన లేకుండానే కాళ్ళూ చేతులూ పనిచేయాలి. చేసిన పనినే చాలాసార్లు చేస్తే తప్ప అది రాదు.

విజయనగరం సంగీత కళాశాల 1919లో పుట్టింది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే పాఠాలు చెప్పారు. సంగీతం నేర్చుకునే పిల్లవాడు మొదటిరోజునే కీర్తన ఎత్తుకోడు. సరళీ వరుసలు, జంట వరుసలు పాడీ పాడీ, స్వరం తనంతట తాను పలికేదాకా పాడతాడు. టేబుల్ టెన్నిస్‌లో "వంద" మన సరళీ వరుస. స్మాషు కీర్తన.

నాలుగు దెబ్బలు

మొదట నేర్చుకోవలసిన దెబ్బలు నాలుగే. అరచేతివైపు కొట్టే ఫోర్‌హ్యాండ్ డ్రైవ్, మండచేతివైపు కొట్టే బ్యాక్‌హ్యాండ్ డ్రైవ్, రెండువైపులా బంతిని అడుగునుంచి మెత్తగా నెట్టే రెండు పుష్‌లు.

ఫోర్‌హ్యాండ్ డ్రైవ్‌లో చెయ్యి ఒక్కటే ఆడితే చాలదు. నడుము కొంచెం వెనక్కి తిరగాలి. అది ముందుకు తిరుగుతూ ఉండగా చెయ్యి దానితోబాటు రావాలి. బ్యాటు నడుము ఎత్తున బయలుదేరి, నుదుటి దగ్గర, సలాము చేసినట్టుగా ఆగాలి. బ్యాక్‌హ్యాండ్ డ్రైవ్‌లో మోచెయ్యి కీలులాగా ఉంటుంది. బ్యాటు పొట్ట దగ్గర బయలుదేరి తలుపు తెరుచుకున్నట్టు ముందుకు పోతుంది. ఏ దెబ్బ కొట్టినా, కొట్టినవెంటనే మళ్ళీ మొదటి నిలకడకు రావాలి. చాలామంది తాము కొట్టిన బంతి అందాన్ని చూస్తూ నిలబడిపోతారు. ఈలోగా అది తిరిగి వచ్చేస్తుంది.

ఇక లెక్క. మొదటి మెట్టు 10. ఇద్దరూ పైకి లెక్కపెడుతూ ఫోర్‌హ్యాండ్‌కు ఫోర్‌హ్యాండ్, మూలనుంచి ఎదురుమూలకు ఆడండి. బంతి తప్పిందా, మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టాలి. 10 వచ్చినాక 20, తరవాత 50, ఆ తరవాత 100. పొందూరులో సన్నని ఖద్దరు నూలు వడికేవారు దారం తెగిందని కోపం తెచ్చుకోరు. అతికి మళ్ళీ వడుకుతారు. మీరూ 93 దగ్గర తెగితే బ్యాటును బల్లకేసి కొట్టకండి. నవ్వి, "ఒకటి" అనండి.

ఈ పద్ధతిలో ఇంకొక మంచి ఉన్నది. అవతలివాడు మీ శత్రువు కాడు. వాడికి అందేటట్టుగా మీరు పంపితేనే మీ లెక్క సాగుతుంది. బంతిని అనుకున్నచోట పడవేయడం తెలిసినవాడు ఆట రోజున అదే నేర్పుతో అందనిచోట పడవేయగలడు.

రెండోవారంనుంచి ఒక నోటుపుస్తకం పెట్టండి. మూడు గళ్ళు గీయండి: "నెట్టు", "బయట", "సర్వీసు". ఆడిన ప్రతి గేములోనూ మీరు పోగొట్టుకున్న పాయింటుకు ఒక గీత. ఇప్పుడు గేముకు 11 పాయింట్లే. మీ తాతయ్యగారి రోజుల్లో 21 ఉండేవి, 2001లో తగ్గించారు. గేములో మూడు పాయింట్లు దానం చేస్తే నాలుగోవంతుకు మించి ఇచ్చివేసినట్టే! ఏ గడిలో గీతలు ఎక్కువ ఉంటే మరునాడు ఆ పనే సాధన చేయండి.

గిరగిర తిరిగే బంతి

"మాస్టారూ, నేను సరిగానే కొట్టాను. బంతి దానంతట అదే పైకి ఎగిరిపోయింది!" అని పిల్లలు అంటారు. అది నిజమే. బంతిలో దయ్యమేమీ లేదు, తిరుగుడు ఉన్నది. దానినే స్పిన్ అంటారు.

ఒక ప్రయోగం చేయండి. బంతిని నునుపైన గచ్చుమీద పెట్టండి. మీవైపు ఉన్న అంచుమీద చూపుడువేలితో గట్టిగా కిందికి నొక్కండి. బంతి ముందుకు చిమ్ముకుపోతుంది. కొంతదూరం వెళ్ళి, ఎవరో పిలిచినట్టు వెనక్కి దొర్లుకుంటూ వస్తుంది! ముందుకు పోతున్నా అది వెనక్కి తిరుగుతూ ఉండటమే ఇందుకు కారణం. ఇది వెనక తిరుగుడు. పుష్ చేసేటప్పుడు బ్యాటుతో బంతి అడుగును గీస్తే ఇదే వస్తుంది. బంతి వెనకభాగాన్ని కిందినుంచి పైకి గీస్తే అది సైకిలు చక్రంలాగా ముందుకు తిరుగుతుంది. అది ముందు తిరుగుడు.

ముందు తిరుగుడు బంతి గాలిలో త్వరగా కిందికి వంగుతుంది. ఎందువల్ల? తిరిగే బంతి తన చుట్టూ ఉన్న గాలిని కూడా లాగుతుంది. ముందు తిరుగుడులో బంతి తన వెనక గాలిని కొంచెం పైకి తోస్తుంది. గాలిని పైకి తోసినప్పుడు బంతి కిందికి పోతుంది. నీటిని వెనక్కి తోస్తే పడవ ముందుకు పోవడం లేదూ? అట్లాగే. ఈ సంగతిని 1852లో పరిశోధించిన జర్మను శాస్త్రజ్ఞుడు మాగ్నస్ పేరుతోనే దీనిని మాగ్నస్ ఫలితమని పిలుస్తారు. అందుకే ముందు తిరుగుడుతో గట్టిగా కొట్టిన బంతి కూడా బల్లమీదే దిగుతుంది. బడిలో మావాడు బలమంతా పెట్టి చదునుగా కొట్టేవాడు, బంతి బల్ల దాటిపోయేది. రహస్యం బలంలో లేదు, గీయడంలో ఉన్నది.

మీరు గుర్తుంచుకోవలసింది రెండే మాటలు. ముందు తిరుగుడు బంతి మీ బ్యాటుకు తగిలి పైకి ఎగురుతుంది గనక బ్యాటు ముఖం కొంచెం కిందికి వంచండి. వెనక తిరుగుడు బంతి నెట్టులోకి జారుతుంది గనక బ్యాటు ముఖం కొంచెం ఆకాశంవైపు తెరవండి. ఇది తెలిస్తే మీ నోటుపుస్తకంలో "నెట్టు" గడి చాలావరకు ఖాళీ అవుతుంది.

సర్వీసు: ఒంటరిగా చేసే సాధన

ఆట మొత్తంలో అవతలివాడి జోక్యం లేకుండా మీరు చేసే పని సర్వీసు ఒక్కటే. అది తప్పితే నెపం వేయడానికి ఎవరూ దొరకరు.

నియమం ఇది. బంతి విప్పిన అరచేతిలో కదలకుండా ఉండాలి. చెయ్యి బల్ల చివరి గీతకు వెనక, బల్లకంటె ఎత్తున ఉండాలి. బంతిని నిలువుగా కనీసం 16 సెంటీమీటర్లు ఎగరవేసి, అది దిగుతూ ఉండగా కొట్టాలి. మీ జామెట్రీ పెట్టెలోని స్కేలు 15 సెంటీమీటర్లు గదా, దానికంటె ఒక సెంటీమీటరు ఎక్కువ. బంతి ముందు మీ వైపు ఒకసారి పడి, నెట్టు దాటి, అవతలివైపు పడాలి.

సాధనకు తోడు అక్కరలేదు. ఒక చిన్న గిన్నెలో పది బంతులు పెట్టుకోండి. పది లేకపోతే మూడైనా చాలు. అవతలి మూలలో ఒక నోటుపుస్తకం పరచి, పదింటిలో ఎన్ని దానిమీద పడుతున్నాయో లెక్కపెట్టండి. ఆరు పడేదాకా ఆ మూల వదలకండి. తరవాత రెండో మూల, ఆ తరవాత నెట్టుకు దగ్గరగా.

ఖరీదైన బ్యాటు

"మంచి బ్యాటు కొనిపెడితే గెలుస్తాను" అని నాన్నగారిని వేధించేవారికి ఒక కథ.

1952లో ప్రపంచ పోటీలు మన బొంబాయిలో జరిగాయి. జపాన్‌నుంచి హిరోజీ సాతో అనే ఆటగాడు వచ్చాడు. అతని బ్యాటుకు మందమైన స్పాంజి ఉన్నది. అప్పటి బ్యాట్లకు బుడిపెల రబ్బరు ఉండేది, బంతి తగిలితే టక్కుమని చప్పుడయ్యేది. సాతో బ్యాటుకు చప్పుడే లేదు! ఆ చప్పుడుతో బంతి వేగాన్ని అంచనా కట్టడం అలవాటైన మహామహులు తికమకపడిపోయారు. సాతో పురుషుల సింగిల్స్ గెలిచాడు. కాని ఆ తరవాత అతను ప్రపంచ సింగిల్స్ మళ్ళీ గెలవలేదు. స్పాంజి అందరికీ వచ్చింది. బ్యాటువల్ల వచ్చిన లాభం బ్యాటు అందరికీ దొరికేదాకానే. సాధనవల్ల వచ్చిన లాభం అంగడిలో దొరకదు.

అందుచేత రెండువైపులా నునుపు రబ్బరు ఉన్న మామూలు బ్యాటు చాలు. మన సముద్రతీరపు ఊళ్ళలో గాలి తేమగా ఉంటుంది, దుమ్ము రబ్బరుకు అంటుకుంటుంది. ఆడినాక తడిగుడ్డతో తుడిచి, ఆరినాక సంచిలో పెట్టండి. దుమ్ముపట్టిన రబ్బరు బంతిని గీయలేదు, జారిపోతుంది.

బల్ల మంచిదో కాదో మీరే పరీక్షించవచ్చు. బంతిని 30 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదిలితే అది సుమారు 23 సెంటీమీటర్లు ఎగరాలి. బల్లమీద అన్నిచోట్లా ఒకేలాగ ఎగరాలి. మా వడ్రంగి బల్లను ఇట్లా పరీక్షించి, అతుకు దగ్గర బంతి చతికిలబడుతున్నదని పిల్లలే కనిపెట్టారు. కింద ఒక చెక్క బిగిస్తే సరిపోయింది.

ఓడిన రోజున

ఇప్పుడు ఇద్దరు పెద్ద ఆటగాళ్ళ సంగతి. ఆచంట శరత్ కమల్ చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. తండ్రీ, పినతండ్రీ అతనికి ఆట నేర్పారు. అతను పదిసార్లు జాతీయ సింగిల్స్ విజేత అయినాడు. 2006లో కామన్‌వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచాడు. పదహారేళ్ళ తరవాత, 2022లో, నలభై ఏళ్ళ వయసులో బర్మింగ్‌హామ్‌లో మళ్ళీ అదే స్వర్ణం గెలిచాడు! చేతిలో బలం మాత్రమే ఉన్నవాడు అంతకాలం నిలవగలడా?

ఆకుల శ్రీజ హైదరాబాదు అమ్మాయి. 2022లో ఆమె జాతీయ విజేత. ఆ ఏడాదే బర్మింగ్‌హామ్‌లో కాంస్య పతకంకోసం ఏడు గేములు పోరాడి 4–3తో ఓడిపోయింది. అంత దగ్గరకు వచ్చి ఓడితే ఎట్లా ఉంటుందో ఊహించండి. అదే రోజున ఆమె శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ ఆడవలసి వచ్చింది. ఆడింది, స్వర్ణం గెలిచింది. రెండేళ్ళ తరవాత, 2024 పారిస్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో చివరి 16 మందిలో ఒకతె అయింది.

ఓడిపోయిన ఆటను ఆ బల్లమీదే వదిలి రావడం కూడా సాధనలో ఒక భాగమే. తప్పు జరిగినప్పుడు ఒక్కసారి గాలి బాగా పీల్చి వదలండి. బంతిని చూడండి. తరవాతి పాయింటు మాత్రమే ఉన్నదనుకోండి.

"వాళ్ళు పట్నవాసులు, మా ఊళ్ళో ఏమున్నది?" అనకండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట మీకు తెలుసునా? కరణం మల్లీశ్వరి అక్కడి అమ్మాయే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆట వేరు కావచ్చు, మట్టి మనదే.

బల్ల లేనివాళ్ళు

ఒకటి: బ్యాటుమీద బంతిని ఎగరవేస్తూ లెక్కపెట్టండి. ఒకసారి అరచేతి వైపు, ఒకసారి మండచేతి వైపు. నిలబడి 100 వచ్చినాక నడుస్తూ చేయండి.

రెండు: గోడకు కొట్టండి. బల్ల ఎత్తు 76 సెంటీమీటర్లు, దానిపైన నెట్టు 15.25. రెండూ కలిపితే సుమారు 91 సెంటీమీటర్లు. గోడమీద ఆ ఎత్తున సుద్దతో ఒక గీత గీయండి. బంతి ఆ గీతకు జానెడు పైలోపలే తగలాలి.

మూడు: అద్దంముందు, బంతి లేకుండా, దెబ్బ కొట్టే తీరును యాభైసార్లు చేయండి.

నాలుగు: తాడాట ఆడండి, తొక్కుడుబిళ్ళ ఆడండి. ఈ ఆటకు చేతులకంటె కాళ్ళు ముఖ్యం.

ఐదు: భోజనాల బల్ల ఉంటే మధ్య రెండు పుస్తకాలు నిలబెట్టి, పుష్ ఆట ఆడండి. గాజు సామాను తీసివేయడం మరిచిపోకండి!

పెద్దలకు ఒక మాట

బడుల్లో బల్ల దగ్గర ఒక ఆచారం ఉన్నది: ఓడినవాడు తప్పుకోవాలి, గెలిచినవాడు ఆడుతూ ఉండాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని ఆలోచించండి. దానివల్ల ఎవరికి ఆట ఎక్కువ అవసరమో వారికే తక్కువ దొరుకుతుంది. రానివాడు మూడు నిమిషాలు ఆడి, అరగంట నిలబడతాడు. నేను గడియారం పెట్టి, గెలుపోటములతో పనిలేకుండా, ఒక్కొక్క జతకు పది నిమిషాలు ఇచ్చాను. ఆడపిల్లలకు కూడా సమంగా ఇచ్చాను. అంతవరకు వాళ్ళు కిటికీలోనుంచి చూసేవారు. ఏడాది తిరిగేసరికి మా బడిలో మొదటి "వంద" పూర్తిచేసినది ఎనిమిదో తరగతి ఆడపిల్లల జతే.

పోటీనుంచి వచ్చిన పిల్లలను, "గెలిచావా?" అని ముందు అడగకండి. "ఎన్ని గీతలు పడ్డాయి?" అని అడగండి. ఓడినా గీతలు తగ్గితే ఆ పిల్లవాడు ముందుకు పోతున్నట్టే. బల్ల పక్కన నిలబడి కేకలు వేయకండి. "గట్టిగా కొట్టు!" అని మాత్రం అసలే అనకండి. నేను అని, ఏమైనదో చూశాను.

ఆ కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాను. కిందటి వేసవి సెలవుల్లో ఒకనాటి సాయంత్రం మా ఇంటి అరుగుముందు ఒక స్కూటరు ఆగింది. దిగినవాడు వాడే. ఇప్పుడు వాడికి చిన్న ఉద్యోగం, పదేళ్ళ కూతురు. ఆ పిల్ల చేతిలో కొత్త బ్యాటు ఉన్నది.

"మాస్టారూ, గుంట ఆడతానంటోంది. మీరే నేర్పాలండి," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, నవ్వుతూ, "ఏటి మాస్టారూ, దీనికీ ముందు స్మాషే నేర్పుతారేటి?" అని అడిగాడు.

నేను సిగ్గుపడ్డాను. లోపలికి వెళ్ళి పాత నోటుపుస్తకం తెచ్చి, నాటి 24 గీతల సంగతీ, నా తప్పు సంగతీ వాడికి చెప్పాను. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడకుండా కూచుని, "అయితే నేను చేతకానివాణ్ణి కానన్నమాట," అన్నాడు.

ఆ పిల్ల ఇప్పుడు ఆదివారం ఆదివారం వస్తుంది. తండ్రి ఎదురు నిలబడి బంతి పంపుతాడు. నేను కుర్చీలో కూచుని లెక్కపెడతాను. కిందటివారం 71 దగ్గర తెగింది. తండ్రే తప్పాడు! ఆ పిల్ల కోపగించుకోలేదు. బంతి ఏరుకొచ్చి, "ఒకటి," అన్నది.

మీరు కూడా ఈ సాయంత్రమే మొదలుపెట్టండి, పిల్లలూ. ఒకటి!